డ్రాయింగ్ సార్ కొలువు తక్కువదా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. నోట్‌బుక్కుల వెనక పేజీలన్నీ బొమ్మలే. కాలేజీ మానేసి పెయింటింగ్ నేర్చుకుంటానంటోంది. చివరికి డ్రాయింగ్ టీచర్‌గా మిగిలిపోతుందేమోనని మా టెన్షన్.

జవాబు: ‘మిగిలిపోతుంది’ అన్నారు చూడండి, నాకు అక్కడే పేచీ. సిద్దిపేట కాపు రాజయ్య (1925-2012) పిల్లలకు డ్రాయింగ్ చెప్పిన మాస్టారే. తెలంగాణ సంప్రదాయ చిత్రకళ అయిన నకాషీ బొమ్మల నుంచి స్ఫూర్తి పొంది, బోనాలనూ బతుకమ్మనూ పల్లె పనులనూ తనదైన పద్ధతిలో వేశారు. నెలజీతం వచ్చే చిత్రకారుడికి అమ్ముడుపోయే బొమ్మే వేయాలన్న తొందర ఉండదు. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన చిత్రకారుడు తోట వైకుంఠం బరోడాలో ప్రసిద్ధ కళాకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఆయనకు పేరు తెచ్చింది మాత్రం పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కట్టిన మన పల్లె ఆడవాళ్లే.

ఇంటర్ మాత్రం ఆపనివ్వకండి. బొమ్మల డిగ్రీ బీఎఫ్‌ఏకు (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఇంటర్ పాసవ్వాలి, గ్రూపు ఏదైనా సరే. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) అది నాలుగేళ్ల కోర్సు, సీటుకు ప్రవేశపరీక్ష ఉంటుంది. అందులో చూడకుండా, గుర్తున్నది గీయమంటారు. ఫోన్‌లో హీరోల ఫొటోలు చూసి దించడం లైకులకు బాగుంటుంది కానీ ఇక్కడ అక్కరకు రాదు. ఆదివారం పొద్దున వేయిస్తంభాల గుడికి వెళ్లి నందిని గీయమనండి. ఇంటికొచ్చాక అదే బొమ్మ చూడకుండా మళ్లీ వేయాలి. ఎంపీసీ ఎలాగూ ఉంది కాబట్టి, మనసు మారితే నాటా అనే ప్రవేశపరీక్ష రాసి ఆర్కిటెక్చర్‌కూ వెళ్లొచ్చు.

టీచర్ కొలువు సంగతి దాచకుండా చెబుతాను. సర్కారు పోస్టులు ఎప్పుడో గానీ పడవు, చాలా ప్రైవేటు బళ్లలో జీతం తక్కువ. అందుకే ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు ఇప్పటినుంచే రాయించండి. ఆ తర్వాత వేసవిలో టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ ఉంటుంది. నోటిఫికేషన్ పడ్డాక ఈ సర్టిఫికెట్ల కోసం పరుగెత్తితే ఆ ఏడాది పోయినట్టే.

ఈలోగా ఒకరోజు పాపను సిద్దిపేట జిల్లా చేర్యాల తీసుకెళ్లండి. నకాషీ కళాకారులు ఎర్రటి నేపథ్యం మీద కథలు గీస్తుంటారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మాస్కులూ చేస్తారు. తొందరపెట్టకుండా పక్కన కూర్చోండి. పాప ఎంతసేపటికి లేస్తుందో చూసి నాకు మళ్లీ రాయండి.