సిలిండర్లు బయట పెడుతున్నావట, ముందు ఇది చదువు

చిట్టితల్లీ,

వంటింట్లోని రెండు గ్యాస్ సిలిండర్లనీ పెరటి గోడ పక్కకి మార్చేస్తున్నావనీ, వానకి తడవకుండా వాటికో గూడు దగ్గరుండి కట్టిస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. లీకంటూ అయితే ఇంట్లోకంటే ఆరుబయటే నయం అని ఎవరూ చెప్పకుండానే ఆలోచించావు. ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట అంది: "నాలుగు వైపులా మూసేసి బిగుతైన తలుపు పెట్టిస్తోంది, చుక్క నీరు దూరదట." అక్కడ నా గుండె ఝల్లుమంది. చుక్క నీరు దూరని గూట్లోంచి గ్యాసూ బయటికి పోదమ్మా. మేస్త్రీ పని మొదలుపెట్టేలోపు ఈ ఉత్తరం నీకు అందాలని రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పడుకోబెడితే వాల్వులోంచి ఆవిరికి బదులు ద్రవమే వచ్చేస్తుంది, అది ఆవిరయ్యాక దాదాపు 250 రెట్లు పెరుగుతుంది. తలుపులకీ కిటికీలకీ కనీసం 1 మీటరు ఎడం ఉంచు. మురుగు తూము, మ్యాన్‌హోల్, నేలమాళిగ వెంటిలేటర్ లాంటివాటికి 2 మీటర్లు. ఏసీ బయటి యూనిట్, ఇన్వర్టర్, స్విచ్‌బోర్డు, కట్టెల పొయ్యి ఆ దగ్గర్లో ఉండకూడదు. మీ గ్యాస్ కంపెనీ ఇంతకంటే ఎక్కువ దూరం చెబితే వాళ్ల మాటే పాటించు.

ఇక అసలు సంగతి. సిలిండర్లు బయట పెట్టేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న తప్పు ఒకటుంది. వానకి భయపడి గాలిని కూడా మూసేస్తారు. మూడు వైపులా ఇటుక గోడ, పైన పలక, ముందు ప్లైవుడ్ తలుపు, తలుపు అంచుకి రబ్బరు పట్టీ, లోపలికి నీళ్లు రాకుండా అడుగున నాలుగంగుళాల గట్టు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులో ఏ ఒక్కటీ ఉండకూడదు, ఆ గట్టు అసలే ఉండకూడదు.

ఎందుకో చెబుతా విను. వంటగ్యాస్ గాలికంటే బరువు. అందులోని ప్రొపేన్ గాలికి ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ రెండు రెట్లు బరువుంటుంది. లీకైన గ్యాస్ పైకి లేచి పోదు. నేల మీదికి దిగి పల్లం వెతుక్కుంటుంది. అందుకని పైన ఎన్ని చిల్లులు పెట్టించినా, కింద దారి లేకపోతే అది అక్కడే పేరుకుంటుంది.

లెక్క వేసి చూపిస్తాను. రెండు సిలిండర్లు పక్కపక్కన పట్టాలంటే గూడు 90 సెంటీమీటర్ల వెడల్పు, 50 లోతు, 100 ఎత్తు ఉండాలి. అంటే లోపల 450 లీటర్ల చోటు. సిలిండర్లు ఆక్రమించింది తీసేస్తే 380 దాకా మిగులుతుంది. గాలిలో గ్యాస్ 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. ఆ 380 లీటర్లలో 2 శాతమంటే ఏడెనిమిది లీటర్ల ఆవిరి. తూకం వేస్తే 20 గ్రాములు కూడా ఉండదు. నీ సిలిండర్లో ఉన్నది 14 కిలోలు.

వాల్వు లోపలి రబ్బరు రింగు కాస్త అరిగి గంటకో గ్రాము కారిందనుకో. ఆరుబయట అది గాలిలో కలిసిపోతుంది. మూసిన గూట్లో అయితే ఒక్క రోజు తిరిగేసరికి ప్రమాదం తయారవుతుంది. వాసన వస్తుంది కదా అంటావేమో. గ్యాస్‌లో మెర్కాప్టాన్ అనే ఘాటు వాసన పదార్థం కలిపేది అందుకే. అంటుకునే మోతాదులో అయిదో వంతు చేరేసరికే ముక్కు పసిగట్టాలి. కానీ గ్యాస్‌ని మూసిపెట్టిన తలుపు వాసననీ మూసిపెడుతుంది. చివరికి ఆ తలుపు తీసేదెవరు? వంట మధ్యలో సిలిండర్ అయిపోయిందని హడావుడిగా పరుగెత్తుకొచ్చే నువ్వే. నా భయమంతా అదే తల్లీ.

కాబట్టి ఇలా కట్టించు. వెనక ఇంటి గోడ ఉండనీ, దానికి కన్నాలు లేకుండా చూసుకో. ముందూ పక్కలా 25 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ ఫ్రేముకి జాలీ బిగించు. నేల నుంచి 15 సెంటీమీటర్ల దాకా జాలీ కూడా వద్దు, పూర్తిగా ఖాళీగా వదిలెయ్. గూటి నేల చుట్టుపక్కల నేలకంటే 10 సెంటీమీటర్లు ఎత్తుండాలి, ముందుకి కాస్త వాలుండాలి. పైకప్పుకి రేకు గానీ సిమెంటు రేకు గానీ వేయించు, చెక్క వద్దు. వాలు వెనక నుంచి ముందుకి. చూరు ముందువైపు 30 సెంటీమీటర్లు, పక్కలకి 15 బయటికి రావాలి. జల్లు బాగా కొట్టే వైపుంటే అక్కడ జాలీ తీసేసి, బయటికి వాలిన రేకు పలకలు ఒకదానికింద ఒకటి ఎడంగా బిగించమను. వాన ఆగుతుంది, గాలి ఆడుతుంది. కింద వదిలిన ఖాళీ మాత్రం ఆ వైపు కూడా ఉండాల్సిందే. తాళం వేస్తే తాళంచెవి వంటింట్లో అందరికీ తెలిసిన చోట వేలాడదీయి.

అంత ఖాళీ వదిలితే అడుగున తడుస్తాయి కదా మామయ్యా అంటావని తెలుసు. తడవనీ. తడిసి ఆరిపోయే నీటితో సిలిండర్‌కి ఏమీ కాదు, దాన్ని తినేసేది నిలిచిపోయే నీరు. చిన్నప్పుడు మబ్బు పడితే చాలు, కోడిపిల్లల మీద బుట్ట బోర్లించి, బుట్ట మీద గోనె కప్పి, గోనె మీద రాయి పెట్టేదానివి. మీ అమ్మమ్మ వచ్చి ఓ పక్క కాస్త ఎత్తి పుల్ల పెట్టేది. నీ శ్రద్ధకి వంక పెట్టను. ఆ ఓ పక్క ఎత్తిపెట్టడం ఒక్కటి మర్చిపోకు.

ప్లాస్టిక్ పట్టా చుట్టడం, తొడుగులు వేయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. పట్టా లోపల చెమ్మ పట్టి సిలిండర్ ఆరుబయటకంటే తొందరగా తుప్పు పడుతుంది. కారిన గ్యాస్ కూడా అందులోనే నిలుస్తుంది.

తుప్పు ఎక్కువగా అడుగు రింగు దగ్గరే మొదలవుతుంది. అక్కడ మట్టీ తడీ చేరతాయి, కంటికి కనపడవు. అందుకని సిలిండర్‌ని నేరుగా నేల మీద పెట్టకు. రెండు సిమెంటు పలకలు మధ్యలో సందు వదిలి వేసి వాటి మీద నిలబెట్టు, అడుగున గాలి ఆడుతుంది. నెలకోసారి కాస్త వంచి, వేలితో రింగు లోపలి అంచు తడిమి చూడు. ఎర్రటి పొడి అంటితే పైపైనే ఉన్నట్టు. పెళ్లలు ఊడొస్తున్నా, గుంటలు తగిలినా గీకడం, రంగు వేయడం లాంటివి చెయ్యకు, వెనక్కి ఇచ్చేసి వేరేది తీసుకో. రంగు వేస్తే తుప్పు కనపడదు, సిలిండర్ మీద ఉన్న పరీక్ష గడువు గుర్తూ కనపడదు. వాడని సిలిండర్‌కి వాల్వు మీద మూత బిగించే ఉండాలి. లేకపోతే అక్కడి గుంటలో వాన నీరు నిలుస్తుంది. గూట్లో బ్లీచింగ్ పౌడరు, ఎరువుల సంచి, ఉప్పు పెట్టకు, వాటి ఆవిర్లూ చెమ్మా ఇనుముని తినేస్తాయి. పెయింటూ కిరోసిన్ డబ్బాలూ వద్దని వేరే చెప్పక్కర్లేదు.

రెగ్యులేటర్ మీద సూది పట్టేంత రంధ్రం ఒకటుంటుంది. లోపలి పొర ఊపిరి తీసుకునేది దాంట్లోంచే. మట్టిగూళ్లు పెట్టే కందిరీగలకీ సాలీళ్లకీ అలాంటి చోట్లంటే ఇష్టం. నీరు చేరినా, మట్టి పట్టినా పొర కదలదు, పొయ్యికి వెళ్లే ఒత్తిడి అదుపు తప్పుతుంది. ఎప్పుడూ లేనిది మంట బుస్సున ఎత్తుగా లేస్తోందంటే ముందు రెగ్యులేటర్ని అనుమానించు. ఆ రంధ్రం కిందికి గానీ పక్కకి గానీ తిరిగి ఉండాలి, పైకి ఉండకూడదు. మూసుకుపోతే తీగ పెట్టి పొడవకు, పొర చిరుగుతుంది. కొత్తది వేయించు.

రబ్బరు పైపుకి వానకంటే ఎండే శత్రువు. నెలకోసారి పైపుని చేత్తో వంచి, వంపు బయటివైపు వెలుతురులో చూడు. వెంట్రుకంత బీటలు కనపడితే దాని పని అయిపోయినట్టే, మీద అచ్చువేసిన తేదీ ఇంకా దాటకపోయినా సరే. ఎలుకలు తిరిగే చోటైతే లోపల ఉక్కు తీగ అల్లినది కొను. గోడలోంచి రబ్బరు పైపు దూర్చనే కూడదు. గోడ దాటేది రాగి గానీ ఉక్కు గానీ కావాలి, దాని చుట్టూ ఒక తొడుగు గొట్టం ఉండాలి. ఆ తొడుగుని ఇంటి లోపలివైపు మూసి, బయటివైపు తెరిచి ఉంచాలి. ఎప్పుడైనా కారితే గ్యాస్ బయటికే పోవాలి కదా. తొడుగు బయటికి కొంచెం వాలి ఉంటే వాన నీరు లోపలికి రాదు. పొయ్యి దగ్గర చేతికందే చోట ఒక వాల్వు తప్పకుండా పెట్టించు.

ఎండకి పేలిపోతుందని మీ అమ్మ కంగారు పడుతోంది. మామూలు ఎండకి పేలదు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుందనే నింపేటప్పుడు 80, 85 శాతం దగ్గరే ఆపుతారు. నీడ ఉంటే మంచిదే, రేకు కప్పు చాలు. అసలు భయపడాల్సింది పక్కన నిప్పు రాజుకుంటేనే. ఎండుటాకులు, అట్టపెట్టెలు గూటి చుట్టూ పోగుపడనివ్వకు. చలికి గ్యాస్ నెమ్మదించినా, సిలిండర్ ఒంటికి మంచు పట్టినా, దాని మీద వేడినీళ్లు పోయడం, సెగ చూపించడం చెయ్యొద్దు.

గొలుసు మాట మర్చిపోయేవాణ్ని. సిలిండర్ ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర గొలుసు చుట్టి గోడకి కొక్కెం వెయ్యి. ఒక చేత్తో తీసేలా ఉండాలి. గాలివానకి ఖాళీ సిలిండర్ దొర్లిపోతుంది, అది సరే. వరద నీరొస్తే నిండు సిలిండర్ కూడా తేలుతుంది. చాలామంది నమ్మరు. 14.2 కిలోల గ్యాస్, ఇనుము బరువూ కలిపి దాదాపు 30 కిలోలు. దాని లోపలి చోటే 33 లీటర్లు, అంటే అది పక్కకి నెట్టే నీటి బరువు 33 కిలోల పైనే. తేలి పక్కకి ఒరిగితే పైపు తెగుతుంది. నీరు వస్తోందని తెలియగానే వాల్వు కట్టేసి, రెగ్యులేటర్ తీసి పైకి పెట్టేయ్. నీళ్లలో మునిగిన రెగ్యులేటర్‌ని ఆరబెట్టి వాడకు, మార్చెయ్.

సిలిండర్ మార్చిన ప్రతిసారీ సబ్బు నీళ్లతో చూడు. కప్పు నీళ్లలో చెంచా గిన్నెల సబ్బు కలిపి, వాల్వుకీ రెగ్యులేటర్‌కీ పైపు అతుకులకీ బ్రష్షుతో రాసి ఓ నిమిషం ఆగు. బుడగ ఒక్కటి పెరుగుతున్నా వాల్వు కట్టేసి మనిషిని పిలిపించు. అయ్యాక పొడి గుడ్డతో తుడిచెయ్, సబ్బు అక్కడ ఉండిపోతే తుప్పు పడుతుంది. అగ్గిపుల్ల గీసి చూసే మనిషి ఎవరైనా వస్తే, ఎంత అనుభవం ఉందని చెప్పినా సరే, గేటు దాకా సాగనంపు.

మేస్త్రీకి ఇదంతా వివరించడం కష్టమైతే ఫోన్ చేసి ఆయనకివ్వు, నేనే మాట్లాడతాను. ఫ్రేము నిలబెట్టాక, జాలీ బిగించకముందే, కింద ఎన్ని సెంటీమీటర్లు వదిలారో టేపు పెట్టి కొలిచి నాకు చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య