3.6 లక్షల ఆఫర్‌లో చేరాలా, ఎంబీఏకి వెళ్లాలా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌ని. మా పెద్దమ్మాయి గుంటూరు దగ్గర ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్ చదువుతోంది. బ్యాక్‌లాగ్స్ ఏమీ లేవు. క్యాంపస్‌లో ఒక పెద్ద ఐటీ సర్వీసెస్ కంపెనీ ఏడాదికి 3.6 లక్షల ఆఫర్ ఇచ్చింది. మా అన్నయ్య కొడుకు 2012లో ఇలాంటి కంపెనీలోనే 3.25 లక్షలకు చేరాడు. ఇన్నేళ్లలో పెరిగింది 35 వేలేనా? ఇలాంటి కంపెనీల సీఈవోలకు మాత్రం 80 కోట్లట, పేపర్లో చదివాను. కింద పనిచేసేవాళ్లకు విలువ లేని చోట అమ్మాయిని చేర్పించడం ఎందుకు, 14 లక్షలు లోన్ తీసి హైదరాబాద్‌లో ఎంబీఏ చదివిస్తే మేనేజర్ల వైపు వెళ్తుంది కదా అనుకుంటున్నాను. అమ్మాయి మాత్రం చేరతానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ లెక్క సరైనదేనండీ. నిజానికి మీరు అనుకున్నదానికన్నా పరిస్థితి కాస్త అధ్వానంగానే ఉంది. ప్రభుత్వ ధరల సూచీ 2012లో 100 ఉంటే, 2025లో 195 దాటింది. ఆ రోజుల్లో 3.25 లక్షలతో మీ అన్నగారి అబ్బాయి ఎలా బతికాడో ఇప్పుడు మీ అమ్మాయి అలా బతకాలంటే 6 లక్షలకు పైగా కావాలి. అంటే ఆఫర్ లెటర్‌లో అంకె కొంచెం పెరిగినట్టు కనిపిస్తున్నా, అసలు జీతం నలభై శాతానికి పైగా పడిపోయింది.

పైవాళ్ల సంగతి కూడా మీరు చదివినట్టే ఉంది. ఇన్ఫోసిస్ సీఈవో సలీల్ పరేఖ్‌కు 2024-25లో అందింది 80.62 కోట్లు. అంతకు ముందు ఏడాది 66.25 కోట్లు. ఆ కంపెనీ ఉద్యోగులందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే మనిషికి వచ్చేదానికి అది 752 రెట్లు. టీసీఎస్ సీఈవో కృతివాసన్‌కు అదే ఏడాది 26.52 కోట్లు, అక్కడి మధ్య ఉద్యోగికి సుమారు 330 రెట్లు. ఈ అంకెలు ఎవరో లీక్ చేసినవి కావు. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీ ఏటా ఈ నిష్పత్తిని తన వార్షిక నివేదికలో ప్రకటించి తీరాలి. మన దేశంలోనే ఇలా ఉందనీ కాదు. అమెరికాలో పెద్ద కంపెనీల సీఈవో జీతం 1965లో మామూలు కార్మికుడి జీతానికి 21 రెట్లు ఉండేది, 2023 నాటికి 290 రెట్లు అయిందని అక్కడి ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క కట్టింది.

అయితే మీరు నిర్ణయం తీసుకునే ముందు ఒక భాగహారం చేసి చూడండి. ఆ 80.62 కోట్లను ఇన్ఫోసిస్‌లో ఉన్న సుమారు 3.23 లక్షల మందికి సమానంగా పంచితే తలకు ఏడాదికి 2,500 రూపాయలు కూడా రావు. సీఈవో ఒక్క రూపాయి తీసుకోకపోయినా ఫ్రెషర్ జీతం నెలకు రెండొందల పదికి మించి పెరగదు. మరి డబ్బు ఎక్కడుంది? ఆ ఏడాది కంపెనీ నికర లాభం 26,700 కోట్ల పైన. దాన్ని అంతే మందితో భాగిస్తే తలకు 8 లక్షలు దాటుతుంది. జీతాలన్నీ, ఖర్చులన్నీ, పన్నులన్నీ పోగా మిగిలిన మాట అది. లాభమంతా పంచేయమని నేననడం లేదు, వాటాదారులుంటారు, రేపటి పెట్టుబడి ఉంటుంది. కానీ ఫ్రెషర్‌కు ఇంతకన్నా ఇచ్చే స్తోమత కంపెనీలకు లేదని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. 2024-25 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే ఈ మాట రాసింది: 2023-24లో కార్పొరేట్ లాభాలు 22.3 శాతం పెరిగితే ఉద్యోగాలు పెరిగింది 1.5 శాతమే.

ఎందుకిలా అంటే, రెండు జీతాలూ రెండు వేర్వేరు చోట్ల తేలుతున్నాయి. సీఈవో జీతం కోసం బోర్డులో ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంటుంది. మిగతా కంపెనీలు ఎంతిస్తున్నాయో చూసి, అంతకు తగ్గకుండా ఖరారు చేస్తుంది. చాలా చోట్ల అందులో పెద్ద భాగం షేర్ల రూపంలో ఉంటుంది కాబట్టి షేరు ధర పెరిగితే జీతం దానంతట అదే పెరుగుతుంది. మీ అమ్మాయి జీతం కోసం ఏ కమిటీ కూర్చోదు. అది క్యాంపస్‌లో వరుసలో నిలబడ్డవాళ్ల సంఖ్యను బట్టి తేలుతుంది. మన దగ్గర 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఇంజినీరింగ్ కాలేజీలు, సీట్లు ఎలా పెరిగాయో మీకు తెలుసు. అదెన్నో పేద ఇళ్లలో మొదటి ఇంజినీర్‌ను తయారు చేసింది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏటా అంతమంది ఒకే గుమ్మం ముందు నిలబడితే, గుమ్మం లోపలివాళ్లు రేటు పెంచాల్సిన అవసరం ఏముంది? విదేశీ క్లయింట్లు గంటకు ఇచ్చే రేటు పెద్దగా పెంచరు. ఆ రేటులో లాభం మిగలాలంటే కింద తక్కువ జీతాలవాళ్లు ఎక్కువ మంది ఉండాలి. సర్వీసెస్ కంపెనీల వ్యాపారం నడిచేదే అలా.

మీ ఆర్టీసీలో జీతం ఎందుకు పెరుగుతుంది? బకాయిలు పడ్డా, ఆలస్యమైనా, ధరలను బట్టి డీఏ ఉంది, వేతన సవరణ ఉంది, అడిగే యూనియన్లు ఉన్నాయి. ఐటీలో మొదటి రెండూ లేవు, యూనియన్లూ అరుదు. పైగా చాలా ఆఫర్ లెటర్లలో మీ జీతం ఎవరికీ చెప్పకూడదని ఒక షరతు ఉంటుంది. సీఈవో జీతం చట్టం పుణ్యమా అని దేశమంతా చదువుతుంది, పక్క సీట్లో అదే పని చేసే అమ్మాయి జీతం మాత్రం మీ అమ్మాయికి తెలియదు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఉద్యోగిని ఎక్కువగా బలహీనపరిచేది ఆ గోప్యతే. ఎవరికి ఎంత వస్తోందో తెలియని మనిషి ఎంత అడగాలో కూడా తెలుసుకోలేదు.

ఇప్పుడు ఎంబీఏ సంగతి. వద్దండీ, ఇప్పుడు మాత్రం వద్దు. కోట్ల జీతం ఎంబీఏకి వచ్చే ప్రతిఫలం కాదు. మూడు లక్షల మందిలో ఒక్కరికి, అదీ ఎక్కువగా షేర్ల వల్ల వచ్చేది. ఆ ఒక్కరికీ మీ అమ్మాయికీ మధ్య ఉన్న మేనేజర్ల పరిస్థితే ఇప్పుడు బాగా లేదు. 2025 జూలైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా తీసేస్తామని ప్రకటించినప్పుడు దెబ్బ ఎక్కువగా పడింది మధ్య స్థాయి, పై స్థాయి వాళ్ల మీదే. ఇక 14 లక్షల లోన్ అంటే 11 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు దాదాపు 24 వేల ఈఎంఐ. పేరున్న ఐఐఎం అయితే ఆ లెక్క వేరు. మామూలు బిజినెస్ స్కూల్ అయితే బ్రోషర్‌లో ‘హైయెస్ట్ ప్యాకేజీ’ చూసి మోసపోకండి. మీ బ్యాచ్ మీడియన్ ప్యాకేజీ (అందరినీ జీతాల వరుసలో నిలబెడితే మధ్యలో ఉండేవాళ్లది) ఎంత, ఎంతమందికి అసలు ఉద్యోగాలు రాలేదు అని రాతపూర్వకంగా అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే అదే మీకు జవాబు. అమ్మాయికి మేనేజ్‌మెంట్ మీద నిజంగా మనసుంటే రెండేళ్లు పనిచేశాక ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయొచ్చు. అప్పటికి అనుభవం కూడా తోడవుతుంది.

కాబట్టి చేరనివ్వండి. అయితే చేరే రోజు వరకూ ప్రయత్నం ఆపకూడదు. ఈ కంపెనీలు ఒకే క్యాంపస్‌లో రెండు మూడు రకాల జీతాలిస్తున్నాయి. టీసీఎస్‌లో నింజా అంటే 3.36 లక్షలు, డిజిటల్ అంటే 7 లక్షల చుట్టుపక్కల, ప్రైమ్ అంటే అంతకన్నా పైన. ఒకే కంపెనీ, ఒకే డిగ్రీ. తేడా అంతా కోడింగ్ పరీక్షలోనూ ఇంటర్వ్యూలోనూ. మీ అమ్మాయికి ఆఫరిచ్చిన కంపెనీలో ఇలాంటి పై మెట్టు ఉందా, చేరాక పరీక్ష రాసి మారే వీలుందా అని హెచ్‌ఆర్‌కు ఇప్పుడే మెయిల్ పెట్టమనండి. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీలు సొంతంగా నడుపుతున్న కేంద్రాలు (జీసీసీలు అంటున్నారు) సర్వీసెస్ కంపెనీల కన్నా సాధారణంగా మెరుగైన జీతాలే ఇస్తున్నాయి. వాటికి క్యాంపస్ బయట అప్లై చేయాలి, కోడింగ్ మీద రోజూ కూర్చోవాలి. డబ్బులు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే బ్యాక్‌డోర్ వాళ్ల దగ్గరికి గానీ, లేని అనుభవం సర్టిఫికెట్ తయారు చేసే కన్సల్టెన్సీల దగ్గరికి గానీ పొరపాటున కూడా వెళ్లనివ్వకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, మళ్లీ వేరే చోట దొరకడమూ కష్టమవుతుంది.

ఆఫర్ లెటర్ దగ్గర పెట్టుకుని ఒకసారి నాతో పాటు చూడండి. 3.6 లక్షలంటే నెలకు 30 వేలు అనుకుంటారు. అందులో పది శాతం వేరియబుల్ ఉంటే 3,000 పక్కకు పోయినట్టే, అది ఎప్పుడిస్తారో, ఎంతిస్తారో కంపెనీ ఇష్టం. బేసిక్ 15 వేలైతే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 కూడా ఈ 30 వేలలోదే. గ్రాట్యుటీ పేరుతో ఇంకో 720 దాకా ఉంటుంది, మామూలుగా అయిదేళ్లు పనిచేస్తేనే అది చేతికొస్తుంది. మిగిలిన 24 వేల చిల్లరలోంచి అమ్మాయి వాటా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికొచ్చేది 22,500 లోపే. కొన్ని కంపెనీలు ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా ఇందులోనే కలుపుతాయి. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఇద్దరుండే పీజీ గదికి తిండితో కలిపి 8 నుంచి 10 వేలు. మీ అమ్మాయితో ఈ లెక్క చేరకముందే వేయించండి, మొదటి జీతం చూసి డీలా పడకుండా ఉంటుంది.

లెటర్‌లో ఇంకో రెండు చోట్ల ఆగండి. ఒకటి జాయినింగ్ తేదీ. 2022 బ్యాచ్‌లో ఆఫర్ పట్టుకుని రెండేళ్లు ఎదురుచూసిన పిల్లలున్నారు. తేదీ రాయకపోతే, నిజంగా చేరేదాకా ఇంకో అవకాశం వదులుకోవద్దు. రెండోది బాండ్, అంటే ఇంతకాలం లోపు మానేస్తే డబ్బు కట్టాలన్న ఒప్పందం. ‘బాండ్‌లు కోర్టులో చెల్లవులే’ అని సీనియర్లు చెబుతుంటారు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, ముందే మానేసిన ఉద్యోగి 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అది ప్రభుత్వ బ్యాంకు కేసు. ప్రతి ప్రైవేటు బాండూ అలాగే నిలబడుతుందని కాదు, కానీ చదవకుండా సంతకం చేసే రోజులు కావు. ఎంత కాలం, ఎంత మొత్తం, ట్రైనింగ్‌లో వాళ్లే తీసేస్తే కూడా కట్టాలా అన్నది చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఆ కంపెనీ ఏదైనా సరే, వద్దు.

చేరాక మొదటి జీతం కన్నా మొదటి ప్రాజెక్ట్ ముఖ్యం. కోడ్ రాసే పని పడిందా, లేక టికెట్లు (క్లయింట్లు పంపే ఫిర్యాదులు) మూసే సపోర్ట్ పనే పడిందా అన్నదాన్ని బట్టే రెండేళ్ల తర్వాత బయట ఎంత అడగగలదో తేలుతుంది. ఆరు నెలలు దాటినా రాయడానికి కోడ్ లేకపోతే ప్రాజెక్ట్ మార్చమని మెయిల్‌లో అడగాలి, మళ్లీ అడగాలి. ఐటీలో ఉద్యోగికి ప్రస్తుతం చేతిలో ఉన్న ఒకే ఒక్క బేరం, మానేసి వెళ్లగలగడం. 2022లో ఇన్ఫోసిస్‌లో ఏడాదికి నూటికి 28 మంది మానేస్తున్నప్పుడు, కంపెనీలు పరుగెత్తి మరీ హైక్‌లు ఇచ్చాయి. మానేసేవాళ్లు తగ్గగానే మళ్లీ చేతులు ముడుచుకున్నాయి. ఒంటరిగా అడిగే ఈ పద్ధతికి పరిమితి ఉంది. ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకోకూడదని ఏ చట్టమూ చెప్పదు. 2024లో కర్ణాటకలో రోజుకు 14 గంటల పని ప్రతిపాదన వచ్చినప్పుడు అక్కడి ఐటీ ఉద్యోగుల యూనియన్ కేఐటీయూ బహిరంగంగా ఎదురు నిలిచింది. మీరు యూనియన్ విలువ తెలిసినవారు. ‘అందులో తలదూర్చకమ్మా, ఉద్యోగం పోతుంది’ అని మాత్రం అమ్మాయికి నేర్పకండి.

చివరగా మీ వల్ల అయ్యే సాయం ఒకటుంది. వీలైతే మొదటి ఏడాది అమ్మాయి జీతంలోంచి ఇంటికి పంపమని అడగవద్దు. పీజీ, బస్సు, ఫోన్ పోగా నెలకు 5, 6 వేలు పక్కన పెట్టగలిగితే ఏడాది తిరిగేసరికి మూడు నాలుగు నెలల ఖర్చు బ్యాంకులో ఉంటుంది. చేతిలో అంత ఉంటే పనికిరాని ప్రాజెక్ట్‌లో భయపడి కూర్చోనక్కర్లేదు, కొత్త కంపెనీ ఇంటర్వ్యూలో తక్కువ చెప్పినా ‘ఆలోచించి చెబుతాను’ అని లేచి రాగలదు. మీరు ఎంబీఏకి తీయాలనుకున్న 14 లక్షల లోన్ కన్నా అమ్మాయికి ఇప్పుడు ఇదే ఎక్కువ ఉపయోగం.