అంబాసిడర్ కార్పెట్ కింద షీట్ వేయించే ముందు తడి సంగతి చూడండి

పాత అంబాసిడర్‌కి కొత్త కార్పెట్ వేయిస్తున్నాను, కింద శబ్దం, వేడి తగ్గించే షీట్ వేయిస్తే ఉపయోగమా, డబ్బు దండగా అని అడిగారు. ఉపయోగమే అండి. కానీ ముందు ఫ్లోర్‌లో తడి ఉందేమో చూసుకోండి. నేను అక్కడే దెబ్బతిన్నాను.

మా నాన్నగారి 1994 మోడల్‌కి మొదటిసారి ఒక షాపులో చేయించాను. పైపైన తుడిచి తారు షీట్ పరిచేశారు. ఎండాకాలమంతా తలుపు తీస్తే తారు వాసన. వానలు వెళ్లాక కార్పెట్ ఎత్తితే, డ్రైవర్ కాళ్ల దగ్గర ఫెల్ట్ (కార్పెట్ కింది మందపాటి గుడ్డ) పిండితే నీళ్లు కారాయి. షీట్ లాగితే దాంతోపాటే తుప్పు పెచ్చులుగా ఊడొచ్చింది. కడుపు తరుక్కుపోయింది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, ఉన్న ఫ్లోర్‌ని కాపాడుకోవాల్సిందే.

రెండోసారి నేనే కూర్చుని చేశాను. సీట్లు విప్పి, తమ్ముడు ముందు అద్దం మీద పైపుతో నీళ్లు పోస్తుంటే, నేను టార్చి పట్టుకుని డాష్‌బోర్డు కిందకి దూరాను. అద్దం రబ్బరు మూల నుంచి సన్నటి ధార! రబ్బరు మార్చి, తుప్పు గీకి, మళ్లీ తుప్పు పట్టకుండా ఎపాక్సీ ప్రైమర్ పూత కొట్టి బాగా ఆరనిచ్చాను.

ఆ తర్వాత 2 మి.మీ. బ్యుటైల్ షీట్, అంటే రేకుకి అతుక్కునే రబ్బరు లాంటి షీట్. ఫ్లోరంతా కప్పక్కర్లేదు. రేకు మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్లండి. ఖాళీ డబ్బాలా మోగిన చోట అంటించి రోలర్‌తో గట్టిగా నొక్కితే, అక్కడే 'టక్' మని పొడిగా వినిపిస్తుంది. షీట్ అంచులు చెయ్యి కోస్తాయి, గ్లవ్స్ వేసుకోండి. ఇది అదురును ఆపుతుంది కానీ వేడిని పెద్దగా ఆపదు. వేడికి దానిపైన నీళ్లు పీల్చని 6 మి.మీ. క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేశాను. ఫ్లోర్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గేర్‌బాక్స్ హంప్ మీద, ఇంజన్ వైపు గోడకి సందు లేకుండా వేయండి. ఆ గోడలో వైర్లు వచ్చే రంధ్రాలకు కొత్త గ్రోమెట్లు (రంధ్రం అంచుకి బిగించే రబ్బరు రింగులు) తప్పనిసరి, పొగా వేడీ అక్కణ్నుంచే వస్తాయి.

యాక్సిలరేటర్ కింద మాత్రం ఫోమ్ వద్దు, మందం వల్ల పెడల్ పూర్తిగా దిగదు. ఫ్లోర్‌లో నీళ్లు పోయే రంధ్రాల మూతలు, అంటే డ్రెయిన్ ప్లగ్గులు కూడా కప్పకండి.

ఇంజన్ శబ్దం పూర్తిగా పోదు, టైర్ల రొద బాగా తగ్గింది. ఇదివరకు మే నెలలో విజయవాడ నుంచి గుంటూరు చేరేలోపే అమ్మ కాళ్లు పైకి పెట్టేసుకునేది. మొన్న కాళ్లు కిందే పెట్టుకుని కూర్చుంది.