పాత జపాన్ పద్యాల పుస్తకం నిజంగా చెక్క అచ్చుదేనా, ఎలా తెలుస్తుంది?

అమ్మకానికి కనిపించిన 'హ్యకునిన్ ఇష్షు' అనే జపాన్ పద్యాల బొమ్మల పుస్తకం చెక్క దిమ్మెలతో అచ్చువేసిందా, ఫొటో తీసి వేసిన నకలా అని అడిగారు. టోక్యోలో ఉద్యోగం చేసేటప్పుడు నేను సరిగ్గా ఇక్కడే మోసపోయాను. 'ఎడో' యుగం (17-19 శతాబ్దాలు) నాటిదని చెప్పారని కొన్నాను, తీరా చూస్తే నకలు. రెండు రోజులు అన్నం సహించలేదు.

తర్వాత జింబోచో పాత పుస్తకాల వీధిలో ఒక పెద్దాయన చూపించిన పద్ధతి చెబుతాను. ఈ పుస్తకాల్లో కాగితానికి ఒకవైపే అచ్చు ఉంటుంది. అచ్చు పైకి ఉండేలా కాగితాన్ని సగానికి మడిచి, మడత అంచు బయటికి పెట్టి, విడి అంచులవైపు దారంతో కుడతారు. అంటే ప్రతి ఆకూ ఒక సంచిలా ఉంటుంది. పైనుంచి వేలితో మెల్లగా విప్పి లోపలికి చూడండి. సిరా పూసిన దిమ్మె మీద కాగితం పరిచి, వెదురు పట్ట చుట్టిన 'బారెన్'తో వెనకనుంచి రుద్దుతారు కదా, అందుకే లోపలివైపు గీతల నీడ, రుద్దిన చారలు కనిపిస్తాయి. నా నకలులో లోపలంతా తెల్లగా ఉంది. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ లోపలి ఫొటో పంపమని గట్టిగా అడగండి.

చివరి పేజీలో ఉన్న సంవత్సరం చూసి మాత్రం ధర ఒప్పుకోవద్దు. అది చాలాసార్లు దిమ్మెలు చెక్కిన ఏడాది. ఆ దిమ్మెలు చేతులు మారి, దశాబ్దాల తర్వాత కూడా అదే సంవత్సరంతో అచ్చయ్యేవి. కవుల బొమ్మల్లో నుదుటి దగ్గర వెంట్రుకల గీతలు తెగి ఉంటే దిమ్మె అరిగిపోయిందన్నమాట.

ఇంకో మాట. కొనేముందు ఒక్క పద్యమైనా తెలుసుకోండి. 13వ శతాబ్దంలో ఫుజివారా నో తేయికా వందమంది కవులవి ఒక్కొక్కటి ఏరిన సంకలనం ఇది. అందులో తొమ్మిదోది ఒనో నో కొమచి అనే కవయిత్రిది: వానలు చూస్తూ ఊరికే గడిపేలోగా పూల రంగు వెలిసిపోయిందంటుంది. ఆ పద్యంలోని 'నగమే' అనే మాటకి అర్థం ఎడతెగని వాన, చూస్తూ ఆలోచనలో పడటం కూడా. మన శ్లేషే! అది తెలిశాక ఆమె బొమ్మ, పక్కనే గొలుసుకట్టు రాత చూస్తే నాకు గొంతు పట్టేసింది. ఆ రాత చదవడానికి 'మివో' అనే ఉచిత యాప్ ఉంది. జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఇలాంటి పాత పుస్తకాలు స్కాన్ చేసి పెట్టారు, డబ్బులేం అక్కర్లేదు. ముందు అక్కడ నాలుగైదు తిరగేస్తే అసలు గీత ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.