శ్రీలంక మిరియాలకు డ్యూటీ సున్నా అంటున్నారు, నిజమేనా?

మీరు అడిగినవి రెండు. శ్రీలంకతో మనకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కిందిస్థాయిలో ఎలా అమలవుతుంది అన్నది ఒకటి. మీ బావగారు కొలంబో నుంచి మిరియాలు తెప్పిస్తే డ్యూటీ కట్టకుండా బయటపడతారా అన్నది రెండోది. మాది తెనాలి, కానీ చెన్నై హార్బర్ దగ్గర ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో తొమ్మిదేళ్లు కాగితాలు చూశాను. మిరియాల సంగతి చెబితే ఒప్పందం సంగతి దానంతటదే తెలిసిపోతుంది.

వాజపేయి, చంద్రికా కుమారతుంగ 1998 డిసెంబరు 28న సంతకాలు చేశారు, 2000 మార్చి 1 నుంచి అమలు. స్వేచ్ఛ అన్నారు గానీ, రాయితీ ఇవ్వబోమని మనం 429 సరుకులు పక్కన పెట్టుకున్నాం, వాళ్లు 1,180 పెట్టుకున్నారు. అక్కడి నుంచి రాయితీతో వచ్చే టీకి ఏడాదికి కోటిన్నర కిలోలు, రెడీమేడ్ దుస్తులకు 80 లక్షల పీసులు అని కోటా కట్టారు.

ఇక మిరియాలు. మామూలుగా దిగుమతి డ్యూటీ 70 శాతం. శ్రీలంకలో పండినవైతే ఈ ఒప్పందం కింద ఏడాదికి 2,500 టన్నుల వరకు సున్నా. సార్క్ దేశాల మధ్య 2006లో మొదలైన సాఫ్టా అనే ఇంకో వాణిజ్య ఒప్పందం కింద వస్తే 8 శాతం. అదే ఓడ, అవే బస్తాలు, మూడు రేట్లు. ఏ రేటు పడాలో తేల్చేది కొలంబోలోని వాణిజ్య శాఖ ఇచ్చే ఆరిజిన్ సర్టిఫికెట్, అంటే సరుకు ఏ దేశంలో పుట్టిందో చెప్పే కాగితం. అది పక్కాగా లేకపోతే మన ప్రధాని, వాళ్ల అధ్యక్షురాలు పెట్టిన సంతకాలు మన కంటైనర్‌కు పనికిరావు.

ఎంత పక్కాగా ఉండాలో నాకు 2016లో ఒక సరుకు విషయంలో తెలిసొచ్చింది. అమ్మినవాళ్లు చివర్లో రేటు సవరించి ఇన్వాయిస్ మళ్లీ చేశారు. సర్టిఫికెట్ మాత్రం పాత ఇన్వాయిస్ నంబరుతోనే వచ్చింది. స్కాన్ కాపీ వారం ముందే నా మెయిల్లో ఉంది, నేను బరువు చూశాను, బస్తాల లెక్క చూశాను, నంబరు చూడలేదు. కౌంటర్లో ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో చూపించాడు. ఆయన తప్పేం లేదు. కొత్త సర్టిఫికెట్ రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ యార్డు అద్దె, కంటైనర్ డిటెన్షన్ (కంటైనర్ తిరిగివ్వడం ఆలస్యమైతే ఓడ కంపెనీ వేసే చార్జీ) పడుతూనే ఉన్నాయి. సరుకు తెప్పించుకున్న పార్టీ నన్ను తిట్టలేదు గానీ, తర్వాతి సరుకు మాకివ్వలేదు.

కాగితం మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? మిరియపు గింజను చూసి అది శ్రీలంకలోని మాతలేలో కాసిందో వియత్నాంలో కాసిందో చెప్పడం ఎవరి తరం? శ్రీలంక మిరియాల్లో ఘాటునిచ్చే పైపరిన్ ఎక్కువన్న పేరుంది, సరే. కానీ వచ్చిన ప్రతి బస్తానీ ల్యాబుకు పంపలేరు కదా. 70కీ సున్నాకూ మధ్య అంత తేడా ఉన్నప్పుడు వియత్నాం సరుకు కొలంబోలో దిగి, శ్రీలంక పేరు పెట్టుకుని ఇటు వస్తోందని కేరళ, కొడగు రైతులు గొడవ చేశారు. కిలో 500 రూపాయలకు తక్కువ ధరకు దిగుమతి చేయకూడదని 2017 డిసెంబరులో మన ప్రభుత్వం కట్టడి పెట్టింది. అప్పుడు బయటి మార్కెట్ ధర అందుకు బాగా దిగువన ఉంది. అంటే డ్యూటీ సున్నాగానే ఉంది, తలుపు మాత్రం మూసుకుంది.

ఇది కొత్త కథేమీ కాదు. ఒప్పందం మొదలైన కొత్తలో వనస్పతితోనూ ఇంతే అయింది. పామాయిల్ బయటి నుంచి తెచ్చుకుని, శ్రీలంకలో వనస్పతి చేసి, డ్యూటీ లేకుండా ఇక్కడికి పంపారు. అక్కడ 35 శాతం విలువ చేరి, ముడిసరుకుకూ తయారైన సరుకుకూ కస్టమ్స్ నాలుగంకెల కోడు మారితే శ్రీలంక సరుకే. మన ముడిసరుకు వాడితే అక్కడ 25 శాతం చేరినా సరిపోతుంది, రెండు దేశాలదీ కలిపి 35 కావాలి. ఫ్యాక్టరీ సరుకుకు ఈ లెక్కలు. మిరియాలకు లెక్కలేం లేవు, అక్కడి తీగకు కాసి ఉండాలి, అంతే. నన్నడిగితే రెండోదే కష్టం. లెక్కనైతే ఆడిట్ చేయొచ్చు, తీగను ఎక్కడని వెతుకుతారు?

సరుకు ఎక్కడ పుట్టిందో చూపించే ఈ భారం 2020 సెప్టెంబరు 21 నుంచి దిగుమతిదారు మీద కూడా పడింది. సర్టిఫికెట్ ఉంది కదా అని చేతులు దులుపుకోవడానికి లేదు. సరుకు ఎక్కడ, ఎలా పుట్టిందో వివరాలు మీ బావగారి దగ్గరే ఉండాలి, ఐదేళ్లు దాచాలి, అడిగితే పది పనిదినాల్లో ఇవ్వాలి. అనుమానం వచ్చి ఆరా కోసం అవతలి దేశానికి రాస్తే, జవాబు వచ్చేదాకా డ్యూటీ తేడాకు సెక్యూరిటీ కట్టి సరుకు విడిపించుకోవచ్చు. ఆ డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో ఎవరూ చెప్పలేరు. కొత్తగా వ్యాపారంలోకి దిగేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

అడ్వాన్స్ పంపే ముందు బావగారిని ఇవి చూసుకోమనండి: కనీస ధర నోటిఫికేషన్ ఈరోజుకు ఎలా ఉందో, ఈ ఏడు కోటాలో ఇంకా ఎంత మిగిలిందో, మొక్కల క్వారంటైన్ పర్మిట్ చేతిలో ఉందో లేదో. ఓడ బయల్దేరకముందే సర్టిఫికెట్ డ్రాఫ్టు తెప్పించుకుని, ఇన్వాయిస్ పక్కన పెట్టి నంబర్లు ఒక్కొక్కటే పైకి చదవమనండి.