ప్రొబేషన్ ఉద్యోగంలో చేరబోతున్న సింధుకి

సింధూ,

ప్రొబేషన్ ట్రైనీగా, అంటే జైలు నుంచి వచ్చినవాళ్ళనీ, కోర్టు జైలు కాకుండా బయటే శిక్ష వేసినవాళ్ళనీ కనిపెట్టుకుని ఉండే పనికి, సెలెక్ట్ అయ్యావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. "ప్రొబేషన్‌ని ప్రైవేటు కంపెనీలకిచ్చిన ఆ గొడవ ఎప్పుడో అయిపోయింది కదా, అంతా మళ్ళీ గవర్నమెంటు చేతికే వచ్చేసింది కదా, పెద్దమ్మ ఇంకా దాన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతోంది" అని కూడా అన్నావట. కోపమేం లేదులే. కానీ నేను ఆ రోజుల్లో ఆ ఆఫీసుల్లోనే ఉన్నాను, అక్కడ ఏం పాడైందో నీకు తెలిస్తే రేపు నీ ఎదురుగా కూర్చునే మనిషితో ఎలా నడుచుకోవాలో సగం తెలిసినట్టే. అందుకే ఇంత పొడుగు ఉత్తరం, ఓపిగ్గా చదువు.

2014 జూన్‌లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ పని చూసే 35 ప్రభుత్వ సంస్థల్ని, ప్రొబేషన్ ట్రస్టులనేవాళ్ళం, రద్దు చేసి, పనిని రెండుగా చీల్చారు. ప్రమాదం ఎక్కువనుకున్న కేసులు గవర్నమెంటు సర్వీసుకి, మిగతావన్నీ 21 కంపెనీలకి. 2015 ఫిబ్రవరిలో ఆ కంపెనీలకి ప్రైవేటు యజమానులు వచ్చారు. అప్పటి న్యాయశాఖ మంత్రి క్రిస్ గ్రేలింగ్ లెక్క ఏమిటంటే, మళ్ళీ నేరం చేసేవాళ్ళు తగ్గితే కంపెనీకి డబ్బులు ఎక్కువ, తగ్గకపోతే తక్కువ. వినడానికి బాగానే ఉంది. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని పనిచేసినవాళ్ళం వేర్వేరు యజమానుల కింద చేరాం, అంతకుముందు టీ తాగుతూ మాట్లాడుకున్న కేసు సంగతి ఫారం నింపి పంపాల్సి వచ్చింది. కంపెనీ దగ్గరున్న మనిషి ప్రమాదకరంగా మారుతున్నాడనిపిస్తే కేసుని అవతలి వైపుకి అప్పజెప్పాలి, ఆ అప్పగింతకి ఇంకో కాగితాల తతంగం.

ప్రైవేటు అంటేనే చెడ్డ అని నేను అనడం లేదు, ఇది జాగ్రత్తగా విను. 2010లో పీటర్‌బరో జైల్లో ఒక ప్రయోగం మొదలైంది. పెట్టుబడి బయటివాళ్ళది, పని స్వచ్ఛంద సంస్థలది, ఏడాది లోపు శిక్ష పడి బయటికొస్తున్న మగవాళ్ళలో ఇష్టమైనవాళ్ళకి సాయం. అది ఫలించింది కూడా. పోల్చి చూసిన వాళ్ళకంటే మళ్ళీ శిక్షలు పడడం 9 శాతం తగ్గిందని 2017లో తేల్చి పెట్టుబడిదారులకి డబ్బులిచ్చారు. కానీ ఆ ఫలితం చేతికి రాకముందే దేశమంతా మార్చేశారు, ఆ ప్రయోగాన్నీ మధ్యలో ఆపేశారు. పీటర్‌బరోలో పనిచేసింది ఒక మనిషి ఇంకో మనిషిని పట్టుకుని వదలకపోవడం. దేశానికంతా పెట్టింది మాత్రం డబ్బిచ్చే పద్ధతిని.

తర్వాత జరిగింది నీకు సులువుగానే అర్థమవుతుంది. అనుకున్నన్ని కేసులు రాలేదు, డబ్బులు తగ్గాయి, మనుషుల్ని తగ్గించారు, ఉన్నవాళ్ళ మీద కేసులు గుట్టలుగా పడ్డాయి. కొన్ని చోట్ల ఆరు వారాలకోసారి ఫోన్ చెయ్యడాన్నే పర్యవేక్షణ అన్నారు, ఇది ప్రొబేషన్ పనిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరేట్ రిపోర్టుల్లోనే ఉంది. ఫోన్లో "అంతా బాగానే ఉందా?" అంటే "బాగానే ఉంది" అంటారు, ఇంకేమంటారు! ముఖం మీద దెబ్బ, వణికే చేతులు, ఉన్నట్టుండి వేసుకొచ్చిన కొత్త బూట్లు, ఇవి ఫోన్లో కనపడవు కదా. 2019 మార్చిలో చీఫ్ ఇన్‌స్పెక్టర్ గ్లెనిస్ స్టేసీ ఈ ఏర్పాటు ఇక బాగుచెయ్యడానికి వీల్లేనంతగా చెడిందని రాసేసింది. అంతకు నెల ముందే మూడు కాంట్రాక్టులున్న వర్కింగ్ లింక్స్ అనే కంపెనీ చేతులెత్తేసింది.

ఆ ఏడాదే జాతీయ ఆడిట్ ఆఫీసు చెప్పిన రెండు అంకెలు మాత్రం గుర్తుపెట్టుకో, నీ ఉద్యోగం మొత్తం వాటిలో ఉంది. 2011 నుంచి 2017 మార్చి వరకు చూస్తే మళ్ళీ నేరం చేసినవాళ్ళ వాటా 2.5 శాతం పాయింట్లు తగ్గింది, అలా చేసినవాళ్ళు ఒక్కొక్కరు చేసిన నేరాలు మాత్రం సగటున 22 శాతం పెరిగాయి. క్లాసులో ఎంతమంది ఫెయిలయ్యారో లెక్కపెట్టి, ఫెయిలైనవాడు ఎన్ని సబ్జెక్టులు పోగొట్టుకున్నాడో చూడకపోతే ఎలా ఉంటుందో అలా అన్నమాట. పైగా నేరం తగ్గడం ఒక్క ప్రొబేషన్ చేతిలో ఉన్న పనా? ఇల్లు కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) చేతిలో, మత్తు వైద్యం ఇంకొకరి చేతిలో, అరెస్టు పోలీసుల చేతిలో. చివరికి కాంట్రాక్టులు ముందే ముగించారు, మొదట్లో అనుకున్నదానికంటే కనీసం 46.7 కోట్ల పౌండ్లు ఎక్కువ ఖర్చవుతుందని అదే ఆడిట్ ఆఫీసు లెక్క తేల్చింది. 2021 జూన్ 26న అంతా ఒకే సర్వీసు అయింది.

అయితే బోర్డు మారగానే అన్నీ చక్కబడ్డాయనుకోకు. మనుషుల కొరత పోలేదు, అనుభవమున్న చాలామంది ఆ గందరగోళంలోనే వెళ్ళిపోయారు, నీ మీద పడే కేసులు కూడా తక్కువేం ఉండవు. అందుకే ఇక అసలు సంగతికి వస్తాను.

మొదటిసారి కలిసినప్పుడు కంప్యూటర్ వైపు తిరిగి కూర్చోకు. ఓయాసిస్ అనే అంచనా ఫారంలో, అంటే మనిషి ఎంత ప్రమాదమో, ఏం అవసరమో లెక్కగట్టే దాంట్లో, ప్రశ్నలు చాంతాడంత ఉంటాయి, అవి తర్వాత నింపుకోవచ్చు. ముందు "రాత్రి ఎక్కడ పడుకున్నావు?" అని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబులో ఇల్లుందా లేదా, ఎవరితో ఉంటున్నాడు, వాళ్ళతో గొడవలున్నాయా, ఎవరికైనా భయపడుతున్నాడా, చాలావరకు బయటికొస్తుంది. "ఫ్రెండు సోఫా మీద" అంటే ఆ ఫ్రెండు ఎవరు, ఆ ఇంట్లో పిల్లలున్నారా అని వెంటనే అడగాలి. లైసెన్స్ షరతులు, అంటే జైలు నుంచి వదిలేటప్పుడు పెట్టే షరతులు, చదివి వినిపించి సంతకం పెట్టించుకుంటే సరిపోదు, "నీకు ఏం అర్థమైందో నువ్వు చెప్పు" అను. జవాబు విన్నాక నీకే తెలుస్తుంది, చదవడం సరిగ్గా రానివాళ్ళు ఎంతమంది తల ఊపేసి వెళ్ళిపోతారో.

విడుదలయ్యే రోజుకి ముందే పని మొదలుపెట్టు. జైలు నుంచి వచ్చేవాళ్ళకి చేతిలో పెట్టే డబ్బు 1995 నుంచి 2021 వరకు 46 పౌండ్ల దగ్గరే ఉండిపోయింది, ఇప్పుడు కాస్త పెంచారు గానీ, యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్ళకి గవర్నమెంటు ఇచ్చే భృతి) మొదటి డబ్బు చేతికి రావడానికి అయిదు వారాలు పడుతుంది. ఆ మధ్యలో ఏం తినాలి? అడ్వాన్స్ తీసుకోవచ్చు, కానీ అది అప్పే, తర్వాత కోసుకుంటారు. శుక్రవారం మధ్యాహ్నం బయటికొచ్చినవాళ్ళకి కౌన్సిల్ ఆఫీసు మూసే టైము, డాక్టరు దొరకడు, నువ్వేమో ఇంటికెళ్ళిపోతావు. అలాంటి విడుదలని ఒకటి రెండు రోజులు ముందుగానే చెయ్యడానికి 2023లో చట్టం చేశారు, అది దానంతటదే అందరికీ వర్తించదు, కాబట్టి తేదీ శుక్రవారం పడితే జైలువాళ్ళని అడుగు, అడిగి ఊరుకోకుండా వెంటపడు.

అందరికీ ఒకే మోతాదు పొయ్యకు. ఆండ్రూస్, బోంటా అనే కెనడా పరిశోధకులు ఎప్పుడో చెప్పారు, ప్రమాదం తక్కువున్నవాళ్ళ మీద మరీ ఎక్కువ పర్యవేక్షణ పెడితే మేలు జరగకపోగా చెడే జరగొచ్చని. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లూ పెళ్ళాం పిల్లలూ ఉండి, ఒక్కసారి తాగి తప్పు చేసిన మనిషిని వారంవారం పని మానిపించి వెయిటింగ్ రూములో పాత నేరస్థుల పక్కన కూర్చోబెట్టడం ఏం తెలివి? అతన్ని పిలిపించడం తగ్గించు. ఆ టైము అసలు అవసరమైనవాళ్ళకి పెట్టు.

జాలి ఉండాలి, నమ్మకం మాత్రం సరిచూసుకున్నాకే. ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళని కొట్టేవాళ్ళ దగ్గర. వాళ్ళు చాలా మర్యాదగా ఉంటారమ్మా, టైముకి వస్తారు, "మేడమ్, నేను మారిపోయాను" అంటారు. ఆ ఇంటికి పోలీసులు ఎన్నిసార్లు వెళ్ళారో పోలీసుల్నే అడుగు, పిల్లలుంటే పిల్లల రక్షణ చూసే చిల్డ్రన్స్ సర్వీసెస్‌కి ఫోన్ చెయ్యి, నువ్వే ఇంటికెళ్ళి చూడు. అప్పుడు మాకు మధ్యలో కంపెనీ గోడ అడ్డం, నీకు ఆ సాకు లేదు.

అపాయింట్‌మెంటుకి రాకపోతే ఆరోజే ఫోన్ చెయ్యి. బ్రీచ్ (షరతు తప్పారని కోర్టుకి పంపడం), రీకాల్ (మళ్ళీ జైలుకి పంపడం) నీ చేతిలో ఉన్నాయి కదా అని కోపం తీర్చుకోవడానికి వాడొద్దు, అలాగని పాపం అనుకుంటూ మూడుసార్లు కళ్ళు మూసుకోనూ వద్దు. ఎందుకు రాలేదో తెలుసుకుని, ఏం నిర్ణయించావో, ఎందుకు నిర్ణయించావో అదే రోజు రికార్డులో రాసిపెట్టు. "సహకరిస్తున్నాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, మందు వాసన లేదు, తల్లి ఆపరేషన్ గురించి మాట్లాడాడు, భార్య పేరెత్తగానే మాట మార్చాడు" అని రాస్తే నువ్వు సెలవులో ఉన్న రోజు నీ బదులు చూసేవాళ్ళకి అది పనికొస్తుంది.

ఒకే మనిషికి ఏడాదిలో నలుగురు ఆఫీసర్లు మారితే మొదట్నుంచి తన కథంతా నాలుగుసార్లు చెప్పుకోవాలి. అయిదోసారి చెప్పడు. నువ్వు బదిలీ అవుతుంటే ఆ సంగతి నీ నోటితోనే చెప్పు, కొత్తవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారైనా ముగ్గురూ కలిసి మాట్లాడండి.

కేసులు మోయలేనంత అయినప్పుడు మేనేజరుకి నోటితో చెప్పి ఊరుకోకు, ఈమెయిల్ పెట్టు, ఏ పని ఆగిపోతోందో పేరుపేరునా రాయి. టెన్షన్‌గా ఉండి నిద్ర పట్టకపోతే ఏ టైమైనా నాకు ఫోన్ చెయ్యి. కేసు గురించి ఎంతైనా మాట్లాడుకుందాం, ఆ మనిషి పేరూ ఊరూ మాత్రం నాకు కూడా చెప్పకు.

మీ పెద్దమ్మ