రాత్రి రెండింటికి బడ్జెట్ ముట్టుకోకు

చిన్నా,

నీ మెసేజ్ పొద్దున ఆరున్నరకి చూశాను. పంపిన టైము 2:17. "పిన్నీ, అమ్మకాలు పడిపోయాయి, యాడ్ కాంపెయిన్ ఆపెయ్యనా?" అని ఒకటి. పదకొండు నిమిషాల తర్వాత "ఆపేశా" అని ఇంకొకటి. మొదట నవ్వొచ్చింది, ఆ వెంటనే కడుపులో కలుక్కుమంది. ఆ పదకొండు నిమిషాలూ నువ్వేం చేశావో నాకు తెలుసు. రిఫ్రెష్ కొట్టావు. మళ్ళీ కొట్టావు. తేదీలు మార్చి చూశావు. ఫోన్‌లో చూసింది చాలక లాప్‌టాప్ తెరిచావు. అంకె కదల్లేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే నిద్రపట్టదనిపించి ఆపేశావు. నీ గుండెదడకి మందు కాంపెయిన్‌కి వేశావురా.

ఈ ఆన్‌లైన్ యాడ్స్ పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. గూగుల్ యాడ్స్‌ని యాడ్‌వర్డ్స్ అనే రోజుల్లో మొదలుపెట్టాను. 2018లో పేరు మార్చారు గానీ నా నోట్లో ఇప్పటికీ పాత పేరే వస్తుంది. ఇన్నేళ్ళలో నా చేతులమీదుగా వృథాగా పోయిన డబ్బు లెక్కేస్తే, సగానికి పైగా అర్ధరాత్రి దాటాక పోయిందే. ఫోన్‌లో చెబితే "సరే పిన్నీ" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు నేనొక సున్నా ఎక్కువ కొట్టిన సంగతి. మీ అమ్మకి కూడా సగమే తెలుసు. ఒక క్లయింటు కాంపెయిన్ బాగా పోతోంది, రోజువారీ బడ్జెట్ ఇరవై శాతం పెంచుదామనుకున్నా. టైము రాత్రి 2:40. లాప్‌టాప్ పొట్టమీద పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని టైప్ చేస్తున్నా. చివర్లో సున్నా ఒకసారి పడాల్సింది రెండుసార్లు పడింది. సేవ్ అయిందని వచ్చింది, మూత వేసి పడుకున్నా. విడ్డూరం ఏమిటంటే, ఆ వారం మొత్తంలో నాకు హాయిగా నిద్రపట్టింది ఆ ఒక్క రాత్రే.

లేచేసరికి ఎనిమిది రోజుల డబ్బు ఆరు గంటల్లో ఊడ్చుకుపోయింది. క్లయింటు అరవలేదు. "ఇది మీరే వేసుకోవాలి కదండీ" అన్నాడు, అంతే. మూడు నెలల ఫీజు వదులుకున్నా. ఇప్పుడైతే ఇంకా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 2017 నుంచి గూగుల్ ఏ ఒక్క రోజైనా నువ్వు పెట్టిన రోజువారీ బడ్జెట్‌కి రెండింతల దాకా ఖర్చు చెయ్యగలదు. నెల మొత్తం మీద ఆ బడ్జెట్‌కి 30.4 రెట్లు (నెలకి సగటున ఉండే రోజులు) దాటకుండా చూస్తుంది తప్ప, రోజుకింత అని నువ్వు రాసిన అంకె గోడ కాదు. దాని పక్కన ఎక్కువ సున్నా పడితే ఏమవుతుందో నువ్వే లెక్కేసుకో.

నిద్ర చాలనివాడికి చెయ్యి జారుతుందని ఎవరైనా చెప్తారు. నాకు ఆలస్యంగా తెలిసింది ఇంకోటి ఉంది. వినోద్ వెంకట్రామన్, మైఖేల్ చీ అనే పరిశోధకుల బృందం 2011లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. మనుషుల్ని రాత్రంతా మేలుకోబెట్టి డబ్బు పందేల్లాంటి నిర్ణయాలు తీసుకోమన్నారు. మామూలుగా నష్టం తగ్గించుకోవాలని చూసేవాళ్ళే, నిద్ర లేనప్పుడు లాభం పెంచుకునే వైపు మొగ్గారు. నష్టపోయినప్పుడు మెదడులో కలగాల్సిన చురుకు కూడా తగ్గింది. ఇది చదివాక నా పాత రాత్రులన్నీ కళ్ళముందు తిరిగాయి. "ఈ ఒక్క యాడ్‌కి ఇంకొంచెం తోస్తే తెల్లారేసరికి ఎక్కడికో పోతుంది" అనే ఊపు పొద్దున పదింటికి నాకు ఒక్కసారి కూడా రాలేదు.

నువ్వు ఆరు గంటలు చాలంటావు. నేనూ అనేదాన్ని. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు వారాలపాటు రోజుకి ఆరు గంటలే పడుకున్నవాళ్ళని పరీక్షిస్తే, ఒకటి రెండు రాత్రులు అసలు కన్నుమూయనివాళ్ళంత మందగించి ఉన్నారు. భయపెట్టేది ఆ తర్వాతి మాట. తమకి అంతగా మందగించిందని వాళ్ళకే తెలియలేదు, కాస్త మగతగా ఉందన్నారంతే. కాబట్టి "నాకేం బాగానే ఉంది" అని నువ్వు చెప్పే సాక్ష్యం చెల్లదు. పెద్దవాళ్ళకి ఏడు గంటలకి తగ్గకూడదని నిద్ర వైద్యులు చెప్పేది ఊరికే కాదు.

"నేను పెంచలేదు కదా పిన్నీ, ఆపాను" అంటావు. ఆపడం ఇంకా ఖరీదైన తప్పు, కాకపోతే దానికి బిల్లు రాదు. నాకు ఇది ఏళ్ళ తరబడి అర్థం కాలేదు. అప్పట్లో ఒక ఖాతా వేరే దేశపు టైమ్ జోన్‌లో ఉండేది. నా గడియారంలో రాత్రి పదకొండున్నరకి ఆ ఖాతాలో కొత్త తేదీ మొదలయ్యేది. రెండింటికి నేను "ఇవాళ" అని నొక్కి చూసేది రెండున్నర గంటల వయసున్న రోజుని. ఖర్చు కనపడుతుంది, అమ్మకం సున్నా. గుండె జారిపోయి ఆపేసేదాన్ని.

అదొక్కటే కాదు. గూగుల్ రిపోర్టులో మామూలు కన్వర్షన్ కాలమ్ (క్లిక్‌లు అమ్మకాలుగా మారిన లెక్క) అమ్మకాన్ని, కొన్న రోజు కింద కాకుండా క్లిక్ చేసిన రోజు కింద రాస్తుంది. ఇవాళ క్లిక్ చేసి గురువారం కొంటే, ఆ అమ్మకం వెనక్కి వచ్చి ఇవాళ్టి లెక్కలో చేరుతుంది. మామూలుగా 30 రోజుల దాకా ఎదురుచూస్తుంది కూడా. అంటే నిన్నా ఇవాళ్టి అంకెలు ఎప్పుడు చూసినా అసలుకంటే చిన్నవిగానే ఉంటాయి, పిండం పూర్తిగా ఎదగకముందే స్కాన్ తీసినట్టు. నేను రెండు వారాల్లో మూడు రాత్రులు ఆపిన ఒక కాంపెయిన్‌ని నెల తిరిగాక తీరిగ్గా చూస్తే, ఆలస్యంగా వచ్చిన అమ్మకాలు చేరాక, ఆపిన ఆ మూడు రోజులే నెలలోకెల్లా మంచి రోజులు. ఆ నష్టం గురించి ఎవరూ అడగలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు.

మెటాలో, అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన యాడ్స్ అయితే ఇంకో చిక్కు. పెద్ద మార్పు చేసిన ప్రతిసారీ యాడ్ సెట్ (ఒకే బడ్జెట్ కింద ఉన్న యాడ్‌ల గుంపు) మళ్ళీ లెర్నింగ్ ఫేజ్‌లోకి, అంటే ఎవరికి చూపాలో నేర్చుకునే దశలోకి పోతుంది, అక్కడి నుంచి బయటపడాలంటే వారంలో సుమారు 50 ఫలితాలు (అమ్మకాల్లాంటివి) రావాలి. రాత్రికో మార్పు చేసేవాడి యాడ్ ఎప్పటికీ ఒకటో క్లాసులోనే కూర్చుంటుంది.

మెయిల్ సంగతి చెప్పకుండా వదలను. రాత్రి ఒంటిగంట, మర్నాడు వెళ్ళాల్సిన ఆఫర్ మెయిల్. టెస్ట్ లిస్టుకి పంపి చూసుకుందామని నొక్కితే మొత్తం లిస్టుకి వెళ్ళింది. "ప్రియమైన" తర్వాత పేరు రావాల్సిన చోట బ్రాకెట్ల మధ్య "మొదటి పేరు" అని వెళ్ళింది. లింకు ముందు నెల ఆఫర్‌ది. సొంత జీమెయిల్‌లో అయితే పంపింది వెనక్కి లాక్కోడానికి 30 సెకన్ల దాకా టైము పెట్టుకోవచ్చు. లిస్టు మొత్తానికి ఒకేసారి పంపడానికి నేను వాడిన బల్క్ టూల్‌లో ఆ సౌకర్యం లేదు. అప్పుడైనా నిద్రపోవాల్సింది. నేనేం చేశానంటే, ఒంటిగంటా ఇరవైకి క్షమాపణ మెయిల్ రాసి అందరికీ పంపాను. అందులో కూడా "ప్రియమైన" తర్వాత "మొదటి పేరు" అనే ఉంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. మొదటి మెయిల్ కంటే క్షమాపణ మెయిల్‌కే ఎక్కువమంది అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యారు.

అప్పటి నుంచి నాదొక నియమం. తప్పు జరిగిన గంటలో, కారుతున్న డబ్బు ఆపడం తప్ప ఇంకేమీ చెయ్యను. సవరణ, సంజాయిషీ, కొత్త ప్లాను అన్నీ తెల్లారాకే.

నువ్వు చెయ్యాల్సినవి చెప్తాను. రాత్రి తొమ్మిది దాటాక చూడొచ్చు గానీ మార్చకూడదు. నిజానికి చూడనూ కూడదు, కానీ అది నీవల్ల కాదని నాకు తెలుసు కాబట్టి కాస్త సడలిస్తున్నా. మార్చాలనిపించింది కాగితం మీద రాసిపెట్టు: ఏ కాంపెయిన్, ఎంత, ఎందుకు. పొద్దున ఆ కాగితం చదివితే మూడొంతులు కొట్టేస్తావు. నా నోటుపుస్తకంలో ఒక చోట "మొత్తం వేరేలా" అని మాత్రమే ఉంది, ఏం మొత్తమో ఇప్పటికీ తెలీదు. లేచిన వెంటనే కూడా తొందరపడకు. నిద్రమత్తు అరగంట దాకా ఉంటుంది, కొన్నిసార్లు గంట.

రాత్రి కాపలా నీది కాదు, రూల్స్‌ది. ఖర్చు ఇంత దాటి అమ్మకం రాకపోతే ఆపేలా ఆటోమేటెడ్ రూల్ పెట్టు. మెటాలో ఖాతా మొత్తానికి ఖర్చు పరిమితి పెట్టే వీలుంది, అది పెట్టు. ఆ పరిమితి పెట్టాక నా చెయ్యి ఎన్నిసార్లు జారినా నష్టం ఒక హద్దులో ఆగింది. కొత్తవి పొద్దున మొదలుపెట్టు, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు. ఖాతా టైమ్ జోన్ ఏమిటో ప్రతి క్లయింటు పేరు పక్కనా రాసుకో.

క్లయింట్లతో మొదటి రోజే మాట అనుకో: సైటు పడిపోయినా, ఖాతా నిలిచిపోయినా రాత్రి ఫోన్ చెయ్యొచ్చు, మిగతావన్నీ పొద్దున. నేను ఈ మాట చెప్పడానికి ఆరేళ్ళు భయపడ్డాను. చెప్పాక ఒక్కడు కూడా వెళ్ళిపోలేదు. దూరదేశపు క్లయింటు కోసం రాత్రి పనిచేయక తప్పకపోతే, నిద్రని మొత్తంగా పక్కకి జరుపు గానీ ముక్కలు చెయ్యకు. ఉదయం నాలుగు నుంచి పదకొండు అయితే రోజూ అదే, ఆదివారం కూడా.

కాఫీ మధ్యాహ్నంతో ఆపు. అందులో కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది పదకొండింటికి ఇంకా సగం ఒంట్లో కూర్చుని ఉంటుంది. నీలి వెలుగు ఆపే కళ్ళద్దాలు కొన్నానన్నావు. వెలుగు మెలటోనిన్‌ని, అంటే నిద్రవేళని సూచించే హార్మోన్‌ని తగ్గిస్తుందన్నది నిజమే, కానీ ఆ కళ్ళద్దాలు పెట్టుకుని అదే డాష్‌బోర్డ్ చూస్తే ఏం లాభం? నన్నడిగితే వెలుగు కంటే అంకె ఎక్కువ చెరుపు. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టి, అలారానికి గడియారం కొనుక్కో.

ఇవన్నీ చేసినా వారంలో మూడు రాత్రులకి తగ్గకుండా నిద్రపట్టక, అలా మూడు నెలలు సాగితే అది అలవాటు కాదు, నిద్రలేమి. డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మాత్రల కంటే ముందు నిద్రలేమి కోసమే ఉన్న ప్రవర్తనా చికిత్స చెయ్యమని 2016లోనే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సిఫారసు చేసింది. దాని గురించి అడుగు. నేను అడగడానికి రెండేళ్ళు నామోషీ పడ్డాను.

ఇక నీ కాంపెయిన్. ఆపావు కదా, ఇప్పుడు నా లేఖ చదివి కంగారుగా మళ్ళీ ఆన్ చెయ్యకు. ఖాతా టైమ్ జోన్, గత ముప్ఫై రోజుల రిపోర్టు, క్లిక్‌కీ కొనడానికీ మధ్య ఎన్ని రోజులు పడుతోందో ఆ లెక్క పంపు. రేపు పదింటికి ఫోన్ చెయ్యి, పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఆ లెక్క తీసే పని కూడా పొద్దునే చెయ్యి.

మీ పిన్ని